లారీ టైర్లు, స్టెప్నీ ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు

కొలత సరిపోలని టైర్లు బరువుతో వెళ్లే లారీలను ప్రమాదాలకు గురిచేయగలవు. టైరు ప్రక్కభాగంపై 10.00ఆర్20 అని ఉన్నచో, వెడల్పు సుమారు 10 అంగుళాలు, ‘ఆర్’ అనగా రేడియల్, రిమ్ము వ్యాసం 20 అంగుళాలు. ఈ రిమ్ముకు 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరు అమరదు.

వెనుక జంట చక్రాలలో ఒకటి ఎత్తుగా ఉన్నచో అధిక భారం దానిపైనే పడి, వేడెక్కి పేలిపోవు ప్రమాదమున్నది. బాగా అరిగిన టైరు ప్రక్కన కొత్త స్టెప్నీ బిగించినను ఇదే పరిస్థితి ఏర్పడును. కావున స్టెప్నీ కొలత, రకం, భార సామర్థ్యం మిగిలిన టైర్లతో సరిపోలవలెను. ఒకే ఇరుసుపై రేడియల్, నైలాన్ టైర్లను కలిపి వాడరాదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం లారీ టైర్ల గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ప్రయాణానికి ముందు స్టెప్నీలో గాలిని సైతం విధిగా తనిఖీ చేసుకొనవలెను.