అమ్మ గీసిన మోహన రాగం

"ఇదేంటే, మోహనకి ఇంత ముదురు నీలం పూశావు? ఎవరికేమైందని?" అంది అమ్మ నా బొమ్మ చూసి.

అమ్మకి డెబ్భై ఆరేళ్లు. పెళ్లికి ముందు పదేళ్లు వీణ నేర్చుకుంది. అత్తారింటికొచ్చాక ఆ వీణ అటకెక్కింది. రేడియోలో కచేరీ మాత్రం ఏనాడూ వదల్లేదు. నాలుగేళ్లుగా అదీ లేదు, వినికిడి తగ్గిపోయింది. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తున్నాయిగానీ, పాట పెడితే "రేకు మీద గులకరాళ్లు పోసినట్టుందే" అని తీసి పక్కన పెట్టేస్తుంది. ఆ మిషన్లను ముఖ్యంగా మాటల కోసమే సర్దుతారట. కొన్నింటిలో సంగీతానికి విడిగా సెట్టింగు పెట్టించుకోవచ్చని మాకు ఆలస్యంగా తెలిసింది.

నేను పాటలు వింటూ, విన్నది రంగుల్లో వేస్తుంటాను. ఇదేం కొత్త సంగతి కాదు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ కచేరీ విన్న కాండిన్‌స్కీ, ఆ అనుభవాన్ని బొమ్మగా వేశాడు. నల్లటి పియానో, దాన్ని ముంచెత్తే పసుపు! మన రాగమాల చిత్రాలు అంతకన్నా ఎంతో పాతవి. రాజస్థాన్‌లోనూ, మన దక్కన్‌లోనూ వేశారు. తోడి అంటే వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ జింకలు. అయితే ఆ చిత్రకారులు ఎక్కువగా పద్యాల్లో చెప్పిన రూపాన్ని అనుసరించారు. కాండిన్‌స్కీ తన చెవిని నమ్ముకున్నాడు.

నేనూ అంతే అనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు పాటలో మాటలు విన్నావు. రాగం వినలేదు" అంది. మనసు చివుక్కుమంది. "అయితే నువ్వే వెయ్యి" అని కాగితం ముందు పెట్టాను.

అమ్మ కళ్లు మూసుకుంది. ఎడమచేతి వేళ్లు ఒళ్లో మెట్ల మీద నడిచినట్టు కదిలాయి. తర్వాత ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టింది. స, రి, గ. ఒక ఖాళీ. ప, ద. మళ్లీ ఖాళీ. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు కదా! ఆ ఖాళీల మీదుగా మెలికలు తిప్పింది. "ఇది గమకం. తిన్నగా గీస్తే రాగం చచ్చిపోతుంది" అంది. పైన ఆవపువ్వు పసుపు పూసింది.

పూస్తూ పూస్తూ సన్నగా కూనిరాగం తీసింది. నాలుగేళ్ల తర్వాత! శ్రుతి కాస్త అటూ ఇటూ అయింది. నేను పలకలేదు. పలికితే ఆపేస్తుందని భయం.

మీరూ ప్రయత్నించండి. మాటల్లేని వీణో వేణువో ఎంచుకోండి. రెండుసార్లు ఊరికే వినండి. మూడోసారి కుంచె పట్టండి. పిల్లల క్రేయాన్లయినా చాలు. బొమ్మ బాగుందా లేదా అని చూసుకోకండి, మీరు విన్నది అందులో ఉందా అని చూసుకోండి. ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్లుంటే, వాళ్ల చేతికీ ఓ పెన్సిలివ్వండి. చెవికి అందనిది చేతికి గుర్తుండొచ్చు.

నా నీలం బొమ్మ చింపెయ్యబోతే అమ్మే ఆపింది. "ఏం గుర్తొచ్చిందే నీకు?" అనడిగింది. చిన్నప్పుడు డాబా మీద పడుకుని, తన పక్కన రేడియో విన్న రాత్రులని చెప్పాను.

"అయితే నీ మోహన నీలమేలే" అంది.

ఇప్పుడా రెండు బొమ్మలూ మా హాల్లో పక్కపక్కనే ఉన్నాయి. వీణ అటక దిగింది. తీగలు మార్పించాలి.