రష్యన్ క్రియలకు జంట లెందుకు?

రష్యన్ భాష నేర్వబూనిన విద్యార్థిని తికమకపెట్టునవి కాలములు కావు. అవి భూత, వర్తమాన, భవిష్యత్తులను మూడే. చిక్కంతయు క్రియలు జంటలుగా నుండుటలో గలదు. 'చదువుట' యను నర్థమున 'చితాత్' అనియు, 'ప్రచితాత్' అనియు రెండు క్రియలున్నవి.

ఇట్లేల? పని సాగుచుండుటను గాని మాటిమాటికి జరుగుటను గాని తెలుపునది మొదటిది; ఆద్యంతములతో గూడి ముగిసిన పనిని తెలుపునది రెండవది. ఒకడు నిన్న పుస్తకము 'చితాల్' అన్నచో చదువుచు కాలము గడపెననియే తెలియును గాని, ముగించెనో లేదో తెలియదు. 'ప్రచితాల్' అన్నచో కడపటి పుట వరకు చదివెనని స్పష్టమగును. ముగిసిన పని ఇప్పుడు జరుగుచున్నదనుట పొసగదు గనుక రెండవ తెగకు వర్తమానమే లేదు. వర్తమాన ప్రత్యయము చేరిన 'ప్రచితాయు' అను రూపము 'చదివి ముగించెదను' అను భవిష్యదర్థము నిచ్చును.

ఈ జంటలెట్లేర్పడును? సంస్కృత ధాతువులకు ఉపసర్గలు చేరునట్లు, వ్రాయుట యను నర్థము గల 'పిసాత్'కు ముందు 'న' చేరి 'నపిసాత్' అగును. కొన్నిట ధాతువే మారును: మాటాడుటకు 'గవరీత్', చెప్పి ముగించుటకు 'స్కజాత్'.

భూతకాలమున మరియొక వింత గలదు: చదివినది పురుషుడైన 'చితాల్', స్త్రీయైన 'చితాల', 'నేను', 'నీవు' అను భేదము మాత్రము క్రియలో కానరాదు. పూర్వము ఇది సహాయక్రియతో గూడిన విశేషణప్రాయమగు రూపము; సహాయక్రియ కాలక్రమమున జారిపోగా, లింగవచనములు మాత్రము నిలిచినవి.

కావున క్రొత్త క్రియ యెదురైనప్పుడెల్ల దాని జంటను గూడ నొక చిన్న వాక్యమందుంచి వల్లెవేయుట మేలు.