సవరను మీది గుర్రం

చెన్నైలో బంగారం ధర అడిగితే గ్రాముకెంతో చెప్పి, వెంటనే సవరనుకెంతో చెబుతారు. టీ నగర్ దుకాణాల్లో సవరనంటే 8 గ్రాములు. గోదావరి జిల్లాల్లో కాసు అనేదీ అదే. ఆ తూకం ఒక నాణేనిది. 1817లో లండన్ టంకశాల తెచ్చిన సావరిన్ బరువు 7.98 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు మేలిమి. ఇవాళ నగల మీద కనబడే 916 ముద్రకూ లెక్క ఆ పదకొండు పాళ్లే.

మా అమ్మమ్మ సవరను 1895 నాటిది. ఇప్పటి రూపాయి బిళ్లంత ఉంటుంది. గొలుసుకు వేసుకోవడానికి పైన కొక్కెం అతికించారు. ఒకవైపు సెయింట్ జార్జ్ గుర్రంతో డ్రాగన్‌ను తొక్కిస్తున్నాడు. రోమ్‌లో పుట్టిన బెనెడెట్టో పిస్ట్రుచ్చి చెక్కిన బొమ్మ ఇది. సంవత్సరం పక్కన బీ.పీ. అని ఆయన పొడి అక్షరాలున్నాయి. మొదట జార్జ్ చేతిలో విరిగిన ఈటె ఉండేది, 1821లో కత్తి వచ్చింది. 1825లో జార్జే తప్పుకుని రాజచిహ్నాల డాలు వచ్చింది. 1871లో మళ్లీ తిరిగొచ్చాడు.

ఒంటి మీద కవచం లేదు. శిరస్త్రాణం, భుజాన ఎగిరే వస్త్రం, అంతే. గ్రీకు శిల్పాల తీరు. నాకు బాగా నచ్చేది కత్తి ఇంకా దిగకపోవడం. డ్రాగన్‌లో ప్రాణముంది. మహాబలిపురం మహిషాసురమర్దిని గుహలో పల్లవ శిల్పి పట్టుకున్నదీ ఆ క్షణాన్నే: అమ్మవారు సింహమెక్కి విల్లు లాగి మీదికొస్తోంది, మహిషుడు వెనక్కి జరుగుతున్నాడు గానీ కూలలేదు.

జార్జ్ మద్రాసుకు కొత్తవాడు కాడు. ఈస్టిండియా కంపెనీ 1640లో కట్టడం మొదలుపెట్టిన కోటది ఆయన పేరే. వాళ్లకు ఆయన చెడును చంపే పుణ్యపురుషుడు. ఆ కోట గోడకు ఇవతల నిలబడి చూస్తే మాత్రం, ఆ కత్తి ఎవరి మీదికో అన్న అనుమానం రాకమానదు.

రెండోవైపు థామస్ బ్రాక్ మలిచిన ముసలి విక్టోరియా, తలమీదుగా ముసుగు. చుట్టూ తిరిగే లాటిన్ మాటలు చివర ‘ఐఎన్‌డీ ఐఎంపీ’ దగ్గర ఆగుతాయి. భారత చక్రవర్తిని అని. 1877లో ఢిల్లీ దర్బారులో చాటిన ఆ బిరుదు సావరిన్ మీదికి 1893లో ఎక్కింది. సామ్రాజ్యమంటే ఏమిటో గుర్రం బొమ్మ కంటే ఈ ఆరు అక్షరాలే సూటిగా చెబుతాయి.

అమ్మమ్మ ఎప్పుడూ గుర్రం పైకి ఉండేలా వేసుకునేది. రాణి వైపు ఒంటికి రాసుకుని చెంపా ముక్కూ నునుపెక్కాయి. ఆ ఆరు అక్షరాలు ఇప్పుడు భూతద్దం పెడితే తప్ప కనబడవు.