'బినైన్' అని రిపోర్టు వచ్చిందా? పక్కనున్న మాట కూడా చదవండి

రొమ్ములో గడ్డ తగిలి బయాప్సీ చేయిస్తే, చాలామందికి రిపోర్టులో 'బినైన్' అనే వస్తుంది. 'క్యాన్సర్ కాదట' అని అందరం ఊపిరి పీల్చుకుని, ఆ కాగితాన్ని బీరువాలో ఎక్కడో పెట్టి మరచిపోతాం. ఊరట పడటం సబబే. కానీ 'బినైన్' పక్కన గడ్డ రకం పేరు కూడా రాసి ఉంటుంది. దాన్నీ చదవాలి.

వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. తాకితే అటూ ఇటూ జారుతుంది. 2014లో సింగపూర్ పరిశోధకులు ఈ గడ్డల జన్యువులను పరీక్షిస్తే, పదింటిలో దాదాపు ఆరింటిలో మెడ్12 అనే జన్యువు మారి ఉంది. ఇది ఆ గడ్డలో పుట్టిన మార్పు. అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు, పిల్లలకు పోదు. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్లలోనూ ఈ జన్యువే మారి ఉంటుంది. కాబట్టి జన్యువు మారింది అన్న మాట వినగానే హడలిపోనక్కర్లేదు.

'ఎటిపికల్ హైపర్‌ప్లేసియా' అని ఉంటే మాత్రం సంగతి వేరు. కణాలు పెరగడమే కాదు, వాటి తీరు కూడా మారిందని దానర్థం. అమెరికాలోని మేయో క్లినిక్ తొమ్మిది వేల పైచిలుకు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితాలు ప్రకటించింది. ఇలాంటి వారికి ముందు ముందు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతా స్త్రీల కంటే సుమారు నాలుగు రెట్లని తేలింది. కణాలు పెరిగినా తీరు మారని వారికి అది రెండు రెట్ల లోపే. నాలుగు రెట్లంటే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. డాక్టరు చెప్పిన గడువుకు మామోగ్రామ్ మానకూడదు, అంతే.

వంశంలో వచ్చే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల మార్పులు మరో సంగతి. వాటిని రక్తపరీక్షలో చూస్తారు. అవి తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి. ఇది చాలామందికి తట్టదు. డాక్టరు అడిగితే అమ్మ, పిన్ని, అమ్మమ్మల గురించి చెప్పి ఊరుకుంటారు, మేనత్తనూ నాయనమ్మనూ వదిలేస్తారు. మేనరికాలున్న మన ఇళ్లలో ఇరువైపులా ఒకే మనుషులు ఉండొచ్చు, అదీ చెప్పాలి.

అసలు చిక్కు ఇంకొకటుంది. 'ఏదో జబ్బు చేసి పోయింది' అని దాచే అలవాటు మనది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన బాధను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దాచుకోలేదు. ఆమె పట్టుదలతోనే 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే అడిగి రాసుకోండి: ఎవరికి, ఏ అవయవంలో, ఏ వయసులో వచ్చింది అని. ఆ కాగితాన్ని బయాప్సీ రిపోర్టుతో కలిపి పెట్టి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండూ తీసుకెళ్లండి.