పాత డీజిల్ లారీ అమ్ముతున్నారా? ముందు మీరే లెక్క వేసుకోండి

స్వయం ఉపాధి రుణంతో లారీ కొనుక్కుని, దాని మీదే ఇల్లు నడుపుకొచ్చిన లబ్ధిదారుల కోసం ఈ సమాచారం. బండి పాతబడ్డాక "అంతా కలిపి లక్ష ఇస్తా, ఇప్పుడే తీసుకెళ్తా" అంటూ ఎవరో ఒకరు వస్తారు. ఆ ధర న్యాయమైనదేనా? అది తెలియాలంటే కొనేవాళ్లు మనసులో వేసుకునే లెక్క మీకూ తెలియాలి.

ధర ఎలా తేలుతుంది?

విడిభాగాల కోసం కొనేవాళ్లు బండిని రెండు భాగాలుగా చూస్తారు.
1. మళ్లీ అమ్ముడుపోయే సామాను: ఇంజన్, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్, డీజిల్ పంపు, స్టీరింగ్ బాక్స్, రేడియేటర్, టైర్లు, డిస్కులు, బ్యాటరీ.
2. తూకానికి పోయే ఇనుము: ఛాసిస్, క్యాబిన్, అరిగిపోయిన మిగతా సామాను.

ఒక ఆరు టైర్ల లారీ లెక్క చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి రేట్లు మీరే కనుక్కోండి.

ఇంజన్: రూ.60,000
గేర్‌బాక్స్: రూ.25,000
హౌసింగ్: రూ.30,000
టైర్లు, డిస్కులు: రూ.30,000
పంపు, రేడియేటర్ వగైరా: రూ.25,000
మిగిలిన ఇనుము 3,000 కిలోలు, కిలో రూ.30 చొప్పున: రూ.90,000
మొత్తం: రూ.2,60,000

ఇందులోంచి బండి తరలింపు, విప్పే కూలి, స్థలం అద్దె కింద రూ.40,000 తీసేయండి. సామాను అమ్ముడుపోవడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి కొనేవారి లాభం రూ.50,000 అనుకుందాం. మిగిలేది రూ.1,70,000. బేరం ఈ అంకె దగ్గర మొదలవ్వాలి, లక్ష దగ్గర కాదు.

బేరానికి ముందు

• ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఉంటుంది. అయినా కాటా వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి.
• విడిగా ధర కట్టిన సామాను బరువును ఇనుము లెక్కలో మళ్లీ కలపకండి.
• బ్యాటరీ లేదని ఇంజన్ స్టార్ట్ చేయకుండా అమ్మొద్దు. స్టార్ట్ కాని ఇంజన్‌కు దాదాపు ఇనుము ధరే కడతారు. ఒక్క పూటకు బ్యాటరీ అడిగి తెచ్చి అయినా స్టార్ట్ చేసి చూపించండి.
• కనీసం ముగ్గురిని ధర అడగండి. తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

డబ్బు కన్నా ముఖ్యం: కాగితాలు

ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతే బాధ్యత కూడా మీదే. అమ్మేసిన బండితో ప్రమాదం జరిగినా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.

• రుణం బాకీ ఉంటే ముందు తీర్చి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి.
• రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుతుంటే ఫారం 29, 30తో కొనేవారి పేరు మీదకు మార్పించండి.
• బండి ఇక తిరగదు అనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లోగా ఆర్‌టీఓ కార్యాలయానికి తెలిపి, ఆర్‌సీ అప్పగించాలి.
• రిజిస్ట్రేషన్ గడువు తీరిన, ఫిట్‌నెస్‌లో అనర్హమని తేలిన బండిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వాలి. ఈ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడ డిపాజిట్ సర్టిఫికెట్ తప్పక అడిగి తీసుకోండి. దానితో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంటుంది. రవాణా వాహనాలకు పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. మన దగ్గర ఎంత ఇస్తున్నారో ఆర్‌టీఓ కార్యాలయంలో అడగండి.

కాబట్టి లక్షకూ లక్షన్నరకూ మధ్య బేరం కుదిరినా, కాగితం చేతికి రాకుండా తాళం ఇవ్వకండి. మీకు తెలిసిన లారీ యజమానులకు కూడా ఈ సమాచారం పంపండి.