పరుగెత్తే కారును ఫోటోలో పట్టేదెలా?



మన హాస్టల్లో కార్ల పందెం ఎవరం చూడలేదు. మరి ఈ వ్యాసం ఎందుకు రాసినావని మీరు అడగవచ్చు. కారణం చెబుతాను.

పోయిన ఆటల పోటీల్లో మన స్నేహితురాలు పరుగులో ఫస్టు వచ్చింది. సైన్సు సారు తన కెమెరా నా చేతికిచ్చి ఫోటో తీయమన్నారు. నేను తీసినాను. ప్రింటు వేయించి వాళ్ళ నాన్నకి ఇస్తే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో మా పిల్ల ఏదమ్మా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఫోటోలో పిల్ల లేదు, నీలం రంగు గీత ఉంది. సర్టిఫికెట్టు ఆయన చదవలేడు. ఫోటో అయితే చూసుకునేవాడు.

సారు నన్ను తిట్టలేదు. "గంటకు 180 కిలోమీటర్లు పోయే కారును కూడా ఫోటోలో పట్టేవాళ్ళున్నారు. వాళ్ళెలా తీస్తారో తెలుసుకో" అన్నారు. సారు చెప్పినవీ, కంప్యూటరు గదిలో చదివినవీ కలిపి రాస్తున్నాను.

తప్పు ఎక్కడ జరిగింది?

కెమెరాలో షట్టర్ అనే తలుపు ఉంటుంది. అది తెరిచి ఉన్నంతసేపే వెలుతురు లోపలికి పోతుంది. నేను తీసినప్పుడు సాయంత్రమైంది, షట్టర్ సెకనులో 30వ వంతు తెరిచి ఉంది. మన స్నేహితురాలు సెకనుకు 7 మీటర్లు పరుగెత్తిందనుకుందాం. ఆ కాస్త సేపట్లోనే 23 సెంటీమీటర్లు, అంటే జానెడు దూరం జరిగిపోయింది. అందుకే మొహం చెరిగిపోయింది.

ఇప్పుడు కారు లెక్క చూడండి. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. షట్టర్‌ను సెకనులో 1000వ వంతు పెడితే కారు 5 సెంటీమీటర్లే జరుగుతుంది. బొమ్మ దాదాపు నిలబడినట్టే. కాని ఇందులో ఒక చిక్కుంది. చక్రాలు కూడా ఆగినట్టు పడతాయి. పందెం కారు రోడ్డు మీద ఆపి పెట్టినట్టు కనబడుతుంది!

తిరుగుతూ తీయడం

అందుకని ఫోటోగ్రాఫర్లు 125వ వంతో 60వ వంతో పెట్టి, కారుతో పాటు కెమెరాను తిప్పుతూ తీస్తారు. దీన్ని ప్యానింగ్ అంటారు. మీరే పరీక్ష చేయండి. రోడ్డు మీద బస్సు పోతున్నప్పుడు తల కదపకుండా చూస్తే బోర్డు చదవలేరు. బస్సుతో పాటు తల తిప్పితే చదవగలరు, చెట్లు మాత్రం గీతలైపోతాయి. ఫోటోలోనూ అంతే. కారు స్పష్టంగా, వెనకున్నది గీతలుగా పడి వేగం తెలుస్తుంది.

పాదాలు నొక్కబోయే చోటు వైపు పెట్టాలి. నడుము మాత్రం తిరగాలి. కారు దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. నొక్కిన తర్వాత కూడా తిప్పడం ఆపకూడదు. చేను కాపలాకి వడిసెల తిప్పినవాళ్ళకి ఇది తెలుసు, రాయి వదిలిన వెంటనే చెయ్యి ఆపితే గురి తప్పుతుంది.

ఫ్రాన్సులో జాక్ ఆంరీ లార్తీగ్ అనే ఆయన 1912 ప్రాంతంలో, ఇరవై ఏళ్ళు నిండకముందే, పందెం కారును ఇలా తిరుగుతూ తీశాడు. షట్టర్ చీలిక నెమ్మదిగా జరగడంవల్ల చక్రం కోడిగుడ్డులా ముందుకు ఒరిగింది, జనం వెనక్కి ఒరిగారు. ఆ వంకర ఫోటోయే లోకమంతా పేరు పొందింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఏ సామాను కావాలి?

1. షట్టర్ వేగం మనమే మార్చుకోగల కెమెరా.
2. దూరాన్ని దగ్గర చేసే లెన్సు. కారు దగ్గరగా పోయే చోట 70–200 మిల్లీమీటర్లు చాలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నట్టి విశాలమైన ట్రాకులకి 100–400 మంచిది.
3. బరువు మోయడానికి మోనోపాడ్ అనే ఒంటికాలి స్టాండు.
4. అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు, తుడుచుకోడానికి మెత్తటి గుడ్డ.

ఎక్కడ నిలబడాలి?

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కడ నెమ్మదిస్తుంది? మలుపు దగ్గర. పందెం కారూ అంతే. కాబట్టి కొత్తవాళ్ళు మలుపు కనబడే చోటు ఎంచుకోవాలి. అక్కడ కార్లు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వస్తాయి, ముందు చక్రాలు తిరిగి ఉంటాయి. వేగం చూపాలంటే తిన్నని దారికి పక్కన నిలబడాలి. మంచె లాంటి ఎత్తు చోటు దొరికితే ఇంకా మేలు, అడ్డం రాదు. ఎండ మన వీపు వైపు ఉండాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం, ఫార్ములా ఈ, జరిగింది. 2.83 కిలోమీటర్ల దారిలో 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసినది రద్దయింది. అలాంటి ఊరి రోడ్ల పందెంలో దారి పొడవునా గోడలూ ఇనుప వలలూ ఉంటాయి. మరి వల అడ్డం రాదా? మన డార్మిటరీ కిటికీ దోమల వలకి కన్ను ఆనించి చూడండి, వల మాయమై మామిడి చెట్టు కనబడుతుంది. లెన్సును అలాగే వలకి దగ్గరగా పెట్టి, లెన్సు రంధ్రం పెద్దది చేస్తే చాలు.

జాగ్రత్త! అదుపు తప్పిన కారు ఎక్కువగా మలుపు బయటివైపుకు పోతుంది. అనుమతి ఉన్న ఫోటోగ్రాఫర్లు కూడా అడ్డుగోడ వెనకాలే ఉంటారు, ట్రాకుకి వీపు పెట్టరు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గ్యాలరీ దాటి పోకూడదు.

ముగింపు

పోయిన ఆదివారం సారు పక్కన ఉండగా, గేటు లోపల నుంచి బస్సులకి 20 ఫోటోలు తీసినాను. 17 చెడిపోయాయి. మూడింటిలో ఊరి పేరు చదవవచ్చు!

మన స్నేహితురాలు ఈసారి కూడా పరుగెత్తుతుంది. వార్డెన్ మేడం గారు దయచేసి నాకు మళ్ళీ అవకాశం ఇప్పించాలి. ఈసారి నేను గీత చివర కాదు, మలుపు దగ్గర నిలబడతాను. వాళ్ళ నాన్న వెతుక్కోకుండా కూతుర్ని చూసుకోవాలి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని