మల్కాపుర శాసనము : విశ్వేశ్వరగోళకి విద్యాస్థానము

గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలమున, కృష్ణకు దక్షిణపు గట్టున, మందడము, వెలగపూడి, మల్కాపురము అను గ్రామములు చేరువచేరువగా నున్నవి. 2016లో రాష్ట్ర సచివాలయము వెలగపూడికి వచ్చువరకు ఈ పేర్లు ఆ ప్రాంతము దాటి వినబడుట యరుదు. శాసనపరిశోధకులకు మాత్రము ఇవి చిరపరిచితములు. మల్కాపురమునందలి యొక శిలాస్తంభముపై శకవర్షము 1183 (క్రీ. శ. 1261) నాటి శాసనము కలదు. జయంతి రామయ్యపంతులుగారు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. కాకతీయులనాటి 'కళాశాల' యనియు, ఒక్కొక్కచోట 'విశ్వవిద్యాలయ' మనియు మన చరిత్రగ్రంథములలో కానవచ్చు ప్రశంసకు మూలమిదియే. ఆ మాట యెంతవరకు చెల్లునో శాసనమునే యడిగి చూడదలచితిమి.

స్థాపకుడు తెలుగువాడు కాడు. విశ్వేశ్వరశివాచార్యుడు గౌడదేశమున దక్షిణరాఢయందలి పూర్వగ్రామమున జన్మించినవాడు. డాహలమండలమున వెలసిన గోళకీమఠపు గురుపరంపరలోనివాడు. కాకతి గణపతిదేవుడు ఆయనకు శిష్యుడయ్యెను. గణపతిదేవుడు సంకల్పించిన మందడ గ్రామదానమును కుమార్తె రుద్రమదేవి నెరవేర్చి, వెలగపూడిని కూడ చేర్చి గురువున కర్పించెను. ఆచార్యుడచ్చట ఆలయమును, మఠమును, సత్రమును నిర్మించి, ఆ యగ్రహారమునకు విశ్వేశ్వరగోళకి యని పేరిడెను.

భూమి పంపకమే ఈ శాసనమునకు ప్రాణమని మా యభిప్రాయము. దక్షిణమునుండి రప్పించిన ద్రావిడబ్రాహ్మణ కుటుంబములు అరువదింటికి తలకు రెండేసి పుట్ల నేల నిచ్చిరి. మిగిలినదానిని మూడు పాళ్ళు చేసిరి. మొదటిది దేవునిది. రెండవది విద్యార్థులకును శుద్ధశైవమఠమునకును. మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును. ప్రసవించు స్త్రీకై ఏడువందల యేండ్లకు పూర్వము ఒక పల్లెలో భూమిని ప్రత్యేకించిరనుట సామాన్య విషయము కాదు. రాజుల విజయములను వల్లించు మన పాఠ్యగ్రంథములు దీనికి ఒక వాక్యమైన విడిచిపెట్టుట చూడము.

బోధకు లెనమండ్రు. ఋగ్యజుస్సామవేదములకు ముగ్గురు. పదము, వాక్యము, ప్రమాణము, సాహిత్యము, ఆగమము అను నైదింటికి ఐదుగురు. పదమన వ్యాకరణము, వాక్యమన మీమాంస, ప్రమాణమన తర్కము. వీరి తరువాత నేర్పరియైన వైద్యు డొకడును, లెక్కలు వ్రాయు కాయస్థు డొకడును చెప్పబడిరి. ఈ వైద్యుని కూడ బోధకునిగా లెక్కించి యచ్చట వైద్యశాస్త్రము బోధించిరని వ్రాయుట తగదు. అతని పని ఆరోగ్యశాలలో చికిత్స. కాయస్థుడు గణితోపాధ్యాయుడు కానట్లే, అతడును శాస్త్రోపాధ్యాయుడు కాడు. కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి మున్నగు వృత్తులవారికిని, ఆలయమున ఆడిపాడువారికిని గూడ ఈ శాసనమున భుక్తి గలదు. అనగా మనము విద్యాలయమని వేరుచేసి చూచునది, వారి దృష్టిలో ఒక నిండు గ్రామమునందలి యొక యంగము.

పోలికకు తమిళదేశమునందలి ఎణ్ణాయిరమును చూడవచ్చును. అదియు పల్లెయే. మొదటి రాజేంద్రచోళుని నాటి శాసనము అచ్చట 340 మంది విద్యార్థులను, 14 మంది బోధకులను పేర్కొని, వారికి నిత్యము కొలువవలసిన ధాన్యమును నిర్ణయించెను. మల్కాపురమున నిర్ణయింపబడినది విద్యార్థుల సంఖ్య గాక భూమిలో వారి పాలు. ఎనమండ్రు బోధకులు గల దీనిని కళాశాల యనవచ్చును. విశ్వవిద్యాలయ మనుట యభిమానము.

తెలుగు శాఖలవారమగు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆ యైదు శాస్త్రములలోని 'సాహిత్యము' సంస్కృతసాహిత్యమే యని తలంతుము. అదే శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని తిక్కన భారతమును పదునైదు పర్వములు తెనిగించెను. తెలుగుకవిత్వము కొలువులందు పెరుగుచుండగా బోధనస్థానములలో దానికి పీఠము లేకపోయెను. ఈ యెడము పూడుటకు మరియారు శతాబ్దములకు పైగా పట్టినది.

సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని శాసనము విధించినది. విద్యకు అట్టి విధి లేదు. ఒకే శిలపై అన్నమునకు తెరచిన తలుపును, చదువునకు తెరవని తలుపును పక్కపక్కనే నిలిచినవి. మొదటిదానిని మాత్రమే ఉదాహరించి యానందించుట పరిశోధన కాజాలదు.

1323లో ఓరుగల్లు పడిపోయినది. భూమిపై నిలిచిన సంస్థకు ఆ భూమికి పూచీపడు రాజ్యము పోయిన పిదప ఆధారము చెడును. ఆచార్యుడు పెట్టిన పేరు నేడు ఏ గ్రామమునకును లేదు. మందడమునకు దానమునకు పూర్వపు పేరే నిలిచినది. మల్కాపురమను పేరు తురుష్కపాలన తరువాతిదిగా తోచును. విశ్వేశ్వరగోళకి యను మాట స్తంభముపైననే మిగిలినది.